రెండు వేళ్ళ మంచు

డునెడిన్,
జూలై, మంగళవారం

ప్రియమైన చెల్లి నెట్టాకి,

నా దస్తూరీ బాగుండదు, అక్షరాల్లో తప్పులుంటాయి, ఏమీ అనుకోకు. నేను బడికి వెళ్ళిన రోజులకంటే గొర్రెల వెంట తిరిగిన రోజులే ఎక్కువని నీకు తెలుసు. ఫోనులో అయితే నాకు నోరే పెగలదు. అందుకని రాస్తున్నాను.

చలికాలం నడుమ కదా, నిన్న ఇక్కడ మంచు పడింది. మంచంటే మన రాన్‌ఫర్లీ మంచు కాదు. రెండు వేళ్ళ మందం. మన దగ్గరైతే కోళ్ళు కూడా పట్టించుకోవు. ఇక్కడ మాత్రం నగరం నగరమంతా తలకిందులైంది. తెల్లారేసరికి రేడియోలో మూసేసిన బడుల పేర్లు చదువుతున్నారు, చావు కబుర్లు చదివినట్టు. బస్సులు కొండెక్కవన్నారు. కింద కొట్టులో రొట్టెలన్నీ అయిపోయాయి. పక్కింటి మిసెస్ ప్రింగిల్ రెండు చేతులనిండా పాలు పట్టుకుని వస్తూ కనిపించింది.

"మధ్యాహ్నానికి కరిగిపోతుందమ్మా" అన్నాను.

"అందుకేగా ఈ తొందర" అంది.

మా వీధిలో సగం ఇళ్ళు యూనివర్సిటీ కుర్రాళ్ళవి. వాళ్ళకి ఇది పండగ. టీ పళ్ళేల మీద, చెత్త డబ్బా మూతల మీద, ఒకడైతే పరుపు మీద పడుకుని, వీధి పైనుంచి కిందిదాకా జారారు. వచ్చే పోయే ప్రతి బండినీ మంచు ఉండలతో కొడతారు. ఇది ఇక్కడి ఆచారం. బండివాళ్ళు అద్దాలెత్తుకుని, హారను మోగించి, నవ్వుకుంటూ పోతారు. దిగకూడదు. దిగినవాడు ఓడిపోయినట్టు.

మన డారిల్‌కి చేతికి దెబ్బ తగిలింది. రెండు వేళ్ళు విరిగాయి. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. కంగారుపడకు. నీకు తనే చెప్పుకుంటానన్నాడు, అందుకని నేను ఎక్కువ రాయను.

ఇప్పుడు మంచంతా కరిగిపోయింది. వీధి తడిగా ఉంది, అంతే. పిల్లలు బడికి పోతున్నారు, బస్సులు ఎక్కుతున్నాయి. నిన్న ఏమీ జరగనట్టే ఉంది.

నీ కీళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి. వీలు చూసుకుని రాయి.

నీ అన్నయ్య
ఆల్ఫ్

*

రాన్‌ఫర్లీ,
శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం ముందూ వెనకా తిప్పి చదివాను. అందులో రొట్టెలు అయిపోయిన సంగతి ఉంది. మిసెస్ ప్రింగిల్ పాల సంగతి ఉంది. నా కొడుకుని పోలీసులు పట్టుకుపోయిన సంగతి లేదు.

నాకు ఆ కబురు చెప్పింది ఎవరో తెలుసా, చర్చిలో పూలు సర్దుతుంటే లాయిస్. "రేడియోలో విన్నాను నెట్టా, మీ డారిల్ కాదు కదా" అంది. వాళ్ళ వాడి పేరు రేడియోలో రాలేదన్న సంతోషం మొహాన కనిపించకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడింది.

నిన్న డారిల్ పోలీసుల ఫోనులో మాట్లాడాడు. ఓ గుంపు వ్యాను చుట్టూ మూగి, తనని కిందికి లాగి, పడేసి తన్నారట. ప్రాణం కాపాడుకోవడానికి చేతికి దొరికినదాంతో ఒక్కటి వేశాడట. తగిలినవాడు ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదట. బెయిలు ఇవ్వరట.

ఆ కొరియర్ ఉద్యోగం దొరికినప్పుడు, వాణ్ణి నీ ఇంట్లో ఉంచుకోమని అడిగింది నేనే. భార్య వదిలి వెళ్ళాక వాడు ఒంటరిగా ఉంటే బాగుండదని. నువ్వు అక్కడున్నావన్న ధైర్యం నాకు. జరిగింది నీ గుమ్మం ముందే. నువ్వు గుమ్మంలోనే ఉన్నావని డారిల్ అన్నాడు. మరి నువ్వేం చూశావో నాకెందుకు చెప్పవు.

గొర్రెల కబుర్లు, వాన కబుర్లు వద్దు. జరిగింది రాయి.

నీ చెల్లెలు
నెట్టా

*

డునెడిన్,
జూలై ఆఖరు

ప్రియమైన నెట్టాకి,

నువ్వు తిట్టావు, సరే. రాస్తాను. రాయడం నాకు కట్టెలు కొట్టడం కంటే కష్టం.

ఆ పొద్దున నేను గుమ్మం ముందు మెట్ల మీది మంచు గోకుతున్నాను, బొగ్గు పారతో. ఈ ఊళ్ళో మంచు పార ఎవరింట్లోనూ ఉండదు. డారిల్ వ్యాను కింది నుంచి వస్తోంది. మంచులో కొండెక్కే బండి ఆగకూడదు. ఆగితే మళ్ళీ కదలదు, వెనక్కి జారుతుంది. అందుకని ఊపు మీద వస్తున్నాడు. వాడి వ్యానులో అద్దం మీది ఆవిరి పోదు, ఆ యంత్రం ఎప్పుడో చెడింది. పక్క అద్దం దించి తల బయటపెట్టి తోలుతున్నాడు. కుర్రాళ్ళకి ఇంకేం కావాలి.

రెండు వైపుల నుంచీ కొట్టారు. ఒకటి తిన్నగా మొహాన పడింది. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. చూపు ఆనక స్టీరింగు వదిలేసినట్టున్నాడు, వ్యాను అడ్డం తిరిగి, పక్కకి జారి, దీపస్తంభాన్ని కొట్టింది. పార్సిళ్ళన్నీ రోడ్డు మీద పడ్డాయి. కుర్రాళ్ళు హో అని అరిచారు. వాళ్ళకి నెత్తురు కనపడలేదు.

డారిల్ దిగాడు.

ముందు దొరికినవాణ్ణి ముక్కు మీద గుద్దాడు. ముక్కు విరిగిన చప్పుడు నా మెట్ల దాకా వినపడింది. అప్పుడు నలుగురైదుగురు మీద పడ్డారు. లాగారు, తన్నారు, అది నిజం. ఒకడు డారిల్ చెయ్యి తలుపుకీ వ్యానుకీ మధ్య పెట్టి తలుపు వేశాడు. వేళ్ళు విరిగింది అక్కడే. "దిగావుగా, తిను" అంటున్నాడు వాడు. డారిల్ విదిలించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. బాగున్న చెయ్యి చాపి "మామా, పార" అన్నాడు. చక్రం కింద మంచు తవ్వుకుంటాడనుకుని ఇచ్చాను.

అప్పటికి కుర్రాళ్ళు వెనక్కి తగ్గారు. ఒక్కడు మాత్రం తగ్గలేదు. రారోటోంగా దీవి నుంచి చదువుకి వచ్చిన కుర్రాడు, టెయారికి అని పేరు. పుట్టాక మంచు చూడటం అదే మొదలు. పైనెక్కడో ఆడుతున్నాడు, కొట్లాట వాడికి తెలీదు. వ్యాను కొట్టుకున్న చప్పుడు విని అప్పుడే దిగివచ్చాడు. డారిల్ వాడి తల మీద పారతో కొట్టాడు. చెవి పైన. వాడు పడిపోయాడు.

మొన్న కనుక్కుంటే ఇంకా కళ్ళు తెరవలేదన్నారు. నేను ఆస్పత్రికి వెళ్ళాను గానీ లోపలికి వెళ్ళలేదు.

పోలీసులు వచ్చేసరికి ఎండ కాసింది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు నడిచారో చూద్దామంటే అడుగులు లేవు. మంచు లేదు. కుర్రాళ్ళు తలొకటి చెబుతున్నారు. నన్ను అడిగితే "తర్వాత చెబుతాను" అన్నాను.

నెట్టా, ఇంతకంటే ఇప్పుడు రాయలేను. రాయి.

ఆల్ఫ్

*

రాన్‌ఫర్లీ,
ఆగస్టు

ప్రియమైన అన్నయ్యకి,

రాశావు, సంతోషం. ఇప్పుడు నేను చెప్పేది విను.

డారిల్ లాయరు మిస్టర్ హాలిడే ఇక్కడికి వచ్చి వెళ్ళాడు. పొడుగ్గా, సన్నగా, ఉడకని కూరలా ఉంటాడు గానీ తెలివైనవాడు. డారిల్ కనుబొమలోంచి డాక్టరు రాయి తీశాడట. చిన్నదే, కానీ రాయే. అంటే మంచులో రాళ్ళు పెట్టి కొట్టారన్నమాట. ఆటా అది. కన్ను పోయేది కదా. కాలేజీ పిల్లలు, పెద్దింటి పిల్లలు, రాళ్ళు పెట్టి నా కొడుకుని కొట్టి, వాడు తిరగబడితే వాడు హంతకుడు.

లాయరు అడిగేది ఇంతే. ఆ దీవి కుర్రాడు రాయి చేత్తో పట్టుకుని డారిల్ మీదికి వచ్చాడని ఎవరైనా చెబితే చాలు, ప్రాణరక్షణ కిందికి వస్తుంది. కుర్రాళ్ళెవరూ అలా చెప్పరు. నువ్వు ఒక్కడివే మిగిలావు. పార కూడా నువ్వు ఇవ్వలేదు, వాడే లాక్కున్నాడు. ఇచ్చానని చెబితే నువ్వూ ఇరుక్కుంటావు. నీకోసమే చెబుతున్నాను.

నువ్వు చిన్నప్పుడు నాన్న కొట్టినా నోరు విప్పేవాడివి కాదు. నీ దెబ్బలు కూడా నేనే అరిచి అమ్మకి చెప్పేదాన్ని. ఇన్నాళ్ళూ నీ బదులు నేనే మాట్లాడాను. ఈ ఒక్కసారి నా బదులు నువ్వు మాట్లాడు.

మా ఆయన బిల్ పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. నీ మాట మీద వాడి బతుకు ఉంది.

నెట్టా

*

డునెడిన్,
సెప్టెంబరు

ప్రియమైన నెట్టాకి,

జవాబు ఆలస్యమైంది. పెదవి వాచి, పన్ను విరిగి, కొన్నాళ్ళు మంచం మీదే ఉన్నాను.

కిందటి వారం మళ్ళీ మంచు పడింది. ఈసారీ అంతే, గడ్డి కూడా పూర్తిగా కప్పలేదు. మళ్ళీ రేడియో, మళ్ళీ బడులు, మళ్ళీ రొట్టెలు. కానీ వీధిలో ఆట లేదు. కుర్రాళ్ళు నా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు, పాతికమంది దాకా. ఒకడు వంగి మంచు గోకి ఉండ చేశాడు. తర్వాత అందరూ వంగారు.

ముందు గది అద్దం మొదటి దెబ్బకే పోయింది. తర్వాత రెండోది. తలుపు మీద దబదబా పడుతున్నాయి. "పార ఇచ్చిన ముసలాడా, బయటికి రా" అన్నారు. లోపల ఉంటే ఇల్లంతా పగలగొడతారని బయటికి వెళ్ళాను. వెళ్ళగానే నోటి మీద ఒకటి, ఛాతీ మీద రెండు, ఆ తర్వాత తెలీదు. మెట్ల మీద కూలబడ్డాను. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మేశాను, పన్ను. నా మీది నుంచి ఒకడు బూటు కాలితో తలుపు తన్నాడు. నన్ను కూడా తన్నేవాడే, ఈలోపు మిసెస్ ప్రింగిల్ చీపురు పట్టుకుని వచ్చింది.

"ముసలాణ్ణి కొట్టడానికి ఇంతమంది కావాలా. మీ అమ్మలు మీకు అన్నం పెట్టింది ఇందుకేనా" అంది. ఎవరినీ కొట్టలేదు, ఊడ్చుకుంటూ వచ్చింది, చెత్తని ఊడ్చినట్టు. వాళ్ళు పోయారు. ఆవిడ నన్ను లేపుతూ "మీరు ఒక్క మాటైనా అనాల్సింది ఆల్ఫ్ గారూ" అంది. "పన్ను అడ్డం వచ్చింది" అన్నాను. నవ్వింది, తర్వాత మెట్ల మీద కూచుని ఏడ్చింది.

నెట్టా, అసలు చెప్పవలసింది ఇది. ముందు గదిలో తివాచీ మీద పడిన మంచు ఉండలు సాయంత్రానికి కరిగాయి. ప్రతి ఉండ కరిగినచోటా సన్న కంకర మిగిలింది. అన్నిట్లోనూ. మంచు పడేముందు బళ్ళు జారకుండా రోడ్ల మీద సన్న కంకర జల్లుతారు ఇక్కడ. మన దగ్గర మంచు లోతుగా ఉంటుంది, ఉండ చేస్తే మంచే వస్తుంది. ఇక్కడ ఉన్నదే రెండు వేళ్ళు. గోకితే రోడ్డు కూడా వస్తుంది. పొడి మంచు, మట్టి, కంకర, అన్నీ కలిసే వస్తాయి. కోపంతో వచ్చినవాళ్ళ ఉండల్లోనూ అదే ఉంది, ఆ రోజు ఆడుకున్నవాళ్ళ ఉండల్లోనూ అదే ఉండి ఉంటుంది.

డారిల్ మీద ఎవరూ రాయి పెట్టి కొట్టలేదు.

మర్నాడు టెయారికి తండ్రి వచ్చాడు. పల్చటి చొక్కా, ఎవరో ఇచ్చిన కోటు, కాళ్ళకి చెప్పులు. పేరు మెటువా. "ఎక్కడ" అని అడిగాడు. చూపించాను. చూడటానికి ఏముంది, తడి రోడ్డు. కొడుకు కళ్ళు తెరిచాడట, తండ్రిని గుర్తుపట్టాడట, మాట రావట్లేదట. నన్ను ఒక్కటే అడిగాడు.

"నా కొడుకు చేతిలో ఏముంది?"

పగిలిన పెదవి చూపించాను, దానివల్ల మాట్లాడలేనన్నట్టు. "సరే నాన్నా" అని వెళ్ళిపోయాడు. నన్ను నాన్నా అన్నాడు.

నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేనేమో నెట్టా. కోపం తెచ్చుకోకుండా రాయి.

ఆల్ఫ్

*

రాన్‌ఫర్లీ,
నవంబరు

అన్నయ్యకి,

కంకర సంగతి ఎవరికీ చెప్పకు. లాయరుకి కూడా చెప్పకు. తివాచీ ఊడ్చెయ్యి.

నీకు ఎవరి తండ్రి మీదో జాలి. నేను కూడా ఒకడికి తల్లినే. మెటువా కొడుకు కళ్ళు తెరిచాడుగా. నా కొడుకు తెరిచినా కనపడేది గోడే.

కోర్టుకి వస్తున్నాను. ముందు వరుసలో కూచుంటాను. జ్యూరీ మొహాలు చూడకు, లాయర్ల మొహాలు చూడకు. నా మొహం చూస్తూ మాట్లాడు. అప్పుడు నువ్వేం చెబుతావో చూస్తాను.

నెట్టా

*

డునెడిన్,
డిసెంబరు

ప్రియమైన నెట్టాకి,

నువ్వు ఏ బస్సుకి వెళ్ళావో తెలీదు. బస్టాండుకి వచ్చాను, అప్పటికే నువ్వు లేవు. ఇంటికి చేరావని లాయిస్‌కి ఫోను చేసి తెలుసుకున్నాను. ఫోనులో నేను మాట్లాడినందుకు ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది.

నువ్వు చెప్పినట్టే నీ మొహం చూస్తూ మాట్లాడాను. నువ్వు నీలం టోపీ పెట్టుకున్నావు. కంకర సంగతి చెప్పాను. పార నేనే ఇచ్చానని చెప్పాను. హాలిడే లేచి "కుర్రాడు చేత్తో ఏదో పట్టుకుని మీ మేనల్లుడి మీదికి వచ్చాడు, అవునా" అని అడిగాడు. "లేదయ్యా, వాడు రెండు చేతులూ పైకెత్తి అరచేతులు చూపించాడు. కంకర గోకి తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఖాళీ చేతులు" అన్నాను. అక్కడ నువ్వు లేచి వెళ్ళిపోయావు. తలుపు చప్పుడు అందరికీ వినపడింది.

నువ్వు వెళ్ళాక ఇంకా అడిగారు. అది నువ్వు వినలేదు. ఇంకెవరి నోటినుంచో వినేముందు నేనే రాస్తున్నాను.

హాలిడే "ఒక్క దెబ్బేగా, ఆవేశంలో ఒక్కటి" అన్నాడు. నీకు రాసిన ఉత్తరంలో నేనూ ఒక్కటే రాశాను. ఒక్కటి కాదు నెట్టా. మొదటి దెబ్బకి పడిపోయాక ఆ కుర్రాడు లేవాలని మోచెయ్యి ఆనించాడు. ఏమంటున్నాడో కూడా వినపడింది, "సారీ, సారీ" అంటున్నాడు. ఎందుకు సారీయో వాడికి తెలీదు. డారిల్ పారని చేతిలో తిప్పి పట్టుకున్నాడు, అంచు కిందికి వచ్చేలా. తొందరపడలేదు. కాలు జారకుండా ముందు నిలదొక్కుకున్నాడు. అప్పుడు వేశాడు. వాడి తల కింద రెండు వేళ్ళ మంచు ఉంది, దాని కింద రోడ్డు. వీధిలో అంతమంది ఉన్నారు, ఒక్క నోరు లేవలేదు. నాది కూడా.

తర్వాత డారిల్ నడిచి వచ్చి పార నాకు తిరిగి ఇచ్చాడు. "ఇంద మామా" అన్నాడు. అన్నం పళ్ళెం ఇచ్చినట్టు. నేను తీసుకున్నాను.

ఇది కోర్టులో చెప్పాను. చెబుతున్నప్పుడు చూడటానికి నీ మొహం లేదు, ఖాళీ కుర్చీ చూస్తూ చెప్పాను. జ్యూరీలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెటువా కిందికి చూస్తూ కూచున్నాడు. వాళ్ళు ఎక్కువసేపు తీసుకోలేదు. తప్పు చేశాడన్నారు. శిక్ష ఎంతో ఫిబ్రవరిలో చెబుతారట.

తీసుకెళ్ళేముందు నన్ను డారిల్ దగ్గరికి వెళ్ళనిచ్చారు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు.

"అమ్మ విందా?" అన్నాడు.

"లేదురా. ముందే వెళ్ళిపోయింది."

"రెండోది చెప్పకు మామా. ఒక్కటే అనుకోనీ."

"ఎందుకురా రెండోది?" అన్నాను. మొదటిసారి అడిగాను వాణ్ణి.

"మంచు పడిందని అందరూ నవ్వుతున్నారు మామా. రేడియోలో కూడా నవ్వుతున్నారు. నాకు ఆ పొద్దున అరవై పార్సిళ్ళున్నాయి" అన్నాడు. అంతే అన్నాడు. అది జవాబేనేమో. నాకు అర్థం కాలేదు. నీకు అర్థమవుతుందేమో, నువ్వు కన్నతల్లివి.

చెప్పనని నేను వాడికి మాట ఇవ్వలేదు.

టెయారికి తన తండ్రితో తమ దీవికి వెళ్ళిపోతున్నాడు. ఎడమ చెయ్యి లేవదు. మాట వస్తోంది గానీ ముక్కలు ముక్కలుగా. మెటువా వెళ్ళేముందు వచ్చాడు. అతను అడిగిన దానికి జవాబు కోర్టులోనే వచ్చిందిగా, ఇంక ఏమీ అడగలేదు. టీ తాగాడు. ఇద్దరం మాట్లాడలేదు. మాట్లాడనివాళ్ళతో నాకు బాగుంటుంది.

నెట్టా, నువ్వు నన్ను ఇంక అన్నయ్యా అని పిలవకపోవచ్చు. నీ కొడుకుని జైల్లో పెట్టించిన మనిషినే నేను. కానీ డారిల్ ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తాడు. వస్తే నీ ఇంటికే వస్తాడు, ఇంకెక్కడికి పోతాడు. నువ్వు తలుపు తీస్తావు, తియ్యాలి కూడా. తీసేటప్పుడు ఎవరికి తీస్తున్నావో నీకు పూర్తిగా తెలిసి ఉండాలని రాశాను. వాణ్ణి చూడటానికి నేను వెళుతున్నాను, ఆదివారాలు. వాడు వస్తాడు, కూచుంటాడు, ఏమీ మాట్లాడడు.

తిట్టాలనుకుంటే తిట్టు. నీ తిట్లు నాకు అలవాటే. కానీ ఊరుకోకు. ఊరుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది నీకు చేతకాదు, నేర్చుకోకు.

ఒక్క ముక్కయినా సరే, త్వరగా రాయి.

నీ అన్నయ్య
ఆల్ఫ్